కళ్ళ మీద పెట్టుకునే వేడి మాస్కులు, రెప్పలు తుడుచుకునే సరంజామా: వాడి చూసి రాస్తున్నా

కింద దాకా చదివే ఓపిక లేనోళ్ళ కోసం ముందే తేల్చి చెప్పేస్తా. మైక్రోవేవ్‌లో వేడి చేసుకునే పూసల మాస్క్ కొనొచ్చు, పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. యూఎస్‌బీ వైరున్న మాస్క్ వద్దు. రెప్పలు తుడుచుకునే వైప్స్ ఊళ్ళెళ్ళినప్పుడు ఓకే, రోజూ అంటే మాత్రం జేబుకి చిల్లు, ఫోమ్ డబ్బా నయం. టీ ట్రీ ఆయిల్ సీసా జోలికి అసలు పోవద్దు, ఎందుకో కింద రాశా. కంపెనీల పేర్లు రాయట్లేదు, ఎందుకంటే ఆన్‌లైన్‌లో ఒకటే సరుకు పది పేర్లతో అమ్ముతున్నారు, ఫోటోలు కూడా అవే.

ఇవి ఎవరికి పనికొస్తాయంటే, పొద్దున్న లేచేసరికి రెప్పల అంచున పుసి ఎండిపోయి పొట్టు పొట్టుగా అంటుకుని ఉండేవాళ్ళకి, రెప్పల అంచులు ఎప్పుడూ ఎర్రగా ఉండి దురద పెట్టేవాళ్ళకి, సాయంత్రమయ్యేసరికి కళ్ళు మండేవాళ్ళకి, ఒక కురుపు తగ్గింది అనుకునేలోపు ఇంకో కురుపు లేచేవాళ్ళకి. నాకు ఇవన్నీ ఉన్నాయి. సిరిపురంలో ఆఫీసు, పొద్దున్నించి సాయంత్రం దాకా కంప్యూటర్, నెత్తి మీద ఏసీ. డాక్టర్ గారు యంత్రంలో గడ్డం పెట్టించి చూసి బ్లెఫరైటిస్ అన్నారు, అంటే రెప్పల అంచుల వాపు, దాంతో పాటు రెప్పల్లో ఉండే నూనె గ్రంథులు మూసుకుపోయాయన్నారు. అసలు వైజాగ్‌లో ఉంటూ కళ్ళు పొడిబారడమేంటి, గోడలకే చెమటలు పడతాయి ఇక్కడ, అని నేను అడిగితే నవ్వి, బయట తేమ ఎంతున్నా కన్నీటి మీద నూనె పొర లేకపోతే నీళ్ళు నిలవవమ్మా, పైగా మీరు రోజంతా ఏసీలోనే ఉంటున్నారు కదా అన్నారు.

ఈ నూనె సంగతి కాస్త చెప్పాలి, అది తెలీకపోతే మాస్క్ ఎందుకో అర్థం కాదు. మన పై రెప్పలో పాతిక నుంచి నలభై దాకా, కింద రెప్పలో ఇరవై నుంచి ముప్ఫై దాకా సన్నటి గ్రంథులు వరసగా ఉంటాయి, మైబోమియన్ గ్రంథులంటారు, హైన్రిష్ మైబోమ్ అనే జర్మన్ డాక్టర్ 1666లో వీటి గురించి రాశాడు కాబట్టి ఆయన పేరే ఉండిపోయింది. రెప్ప వేసినప్పుడల్లా వీటిలోంచి కొంచెం నూనె వచ్చి కన్నీటి మీద పరుచుకుంటుంది. గ్రంథులు పాడైతే ఆ నూనె డిసెంబర్లో కొబ్బరినూనె సీసాలా గడ్డ కడుతుంది, బయటికి రాదు. రాకపోతే కన్నీరు గబగబా ఆరిపోతుంది, మంట. లోపల నూనె నిలవైపోతే వాపు. అక్కడ చర్మం మీద మామూలుగానే ఉండే స్టాఫైలోకోకస్ బాక్టీరియాకి అదే అదను, గ్రంథిలో చీము పట్టి కురుపు లేస్తుంది. దీనికి మందు ఏంటంటే వేడి. రెప్పకి 40 డిగ్రీల దాకా వేడి తగిలి, అది అయిదు పది నిమిషాలు నిలబడితే గడ్డకట్టిన నూనె కరుగుతుంది. మాస్కులూ గీస్కులూ అన్నీ ఈ ఒక్క పని కోసమే, బ్యూటీ పార్లర్ వ్యవహారం కాదు.

మొదట్లో డాక్టర్ గారు చెప్పింది గుడ్డే. వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి మూసిన రెప్పల మీద పెట్టుకోమన్నారు. ఖర్చు సున్నా, పని చేస్తుంది, కానీ గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, మళ్ళీ ముంచాలి, మళ్ళీ పిండాలి, మొహం నిండా నీళ్ళు, జాకెట్ మెడ తడిసిపోతుంది. ఆఫీసుకెళ్ళే హడావుడిలో పొద్దున్నే ఇది అయ్యే పని కాదు, అందుకే జనం నాలుగు రోజులు చేసి మానేస్తారు, మానేశాక కురుపు మళ్ళీ వస్తుంది, అప్పుడు మందు పని చెయ్యలేదంటారు.

పూసల మాస్క్ అక్కడే పనికొచ్చింది. దాదాపు తొమ్మిదొందలు పెట్టా. లోపల సిలికా లాంటి పూసలుంటాయి, అవి గాల్లో తేమ పీల్చుకుని ఉంచుకుంటాయి, మైక్రోవేవ్‌లో పెట్టినప్పుడు ఆ తేమే ఆవిరిగా వెచ్చగా బయటికొస్తుంది. గుడ్డని తడపక్కర్లేదు. ఒకసారి వాడాక కొన్ని గంటలు బయట వదిలేస్తే మళ్ళీ తేమ పట్టి రెడీ అవుతుంది, ఈ విషయంలో మాత్రం మన ఊరి గాలికి దండం పెట్టాలి, బట్టలారకపోయినా మాస్క్ మాత్రం చక్కగా తేమ పడుతుంది. చివరి దాకా వేడి ఉంటుంది, పది నిమిషాలు కళ్ళు మూసుకుని పాటలు వినుకుంటూ కూచోవడమే. ఇదే ఆకారంలో అవిసె గింజలు పోసినవి కూడా అమ్ముతున్నారు, రేటు తక్కువ, అది మా చెల్లెలు కొంది, మధురవాడలో ఉంటుంది, వానాకాలం వచ్చేసరికి గింజలు ముక్కవాసన కొట్టి పారేసింది. కాబట్టి పూసలదే తీసుకోండి, పై తొడుగు ఊడదీసి ఉతుక్కునేలా ఉండాలి, రోజూ చీము కురుపుల మీద పెట్టుకునే వస్తువుని ఉతక్కుండా వాడితే మీ జబ్బు మీరే మళ్ళీ తెచ్చుకున్నట్టు. ఇంట్లో ఇద్దరికి సమస్య ఉంటే రెండు కొనండి, ఒకటే మాస్క్ పంచుకోవద్దు.

ఒక జాగ్రత్త ఉంది, ఇది సీరియస్‌గానే చెప్తున్నా. అట్ట మీద రాసిన టైము అందరి మైక్రోవేవ్‌లకీ సరిపోదు. పదేసి సెకన్లు పెంచుకుంటూ పోవాలి, తీశాక మధ్యలో ఒకచోటే ఎక్కువ కాలుతుంది కాబట్టి బాగా కదిపి, మణికట్టు లోపలి వైపు ఆనించి చూసి అప్పుడే కళ్ళ మీద పెట్టుకోవాలి. రెప్ప చర్మం ఒంట్లో అన్నిటికంటే పల్చన, ఇలాంటి మాస్కులతో కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు. మాస్క్ పెట్టుకుని కంటిగుడ్డు మీద గట్టిగా నొక్కుకోవడం కూడా తప్పే. పిల్లలకైతే పెద్దవాళ్ళే చెయ్యాలి.

పలాస నుంచి మా అత్తయ్య గారు వచ్చినప్పుడు దీన్ని చూసి, "ఇదేటమ్మా, అంత డబ్బెట్టి గింజల మూట కొన్నావేటి? అరచేతిలో ఏలు రుద్ది కురుపు మీద ఎడితే తగ్గిపోదేటి?" అన్నారు. నేను నవ్వాను గానీ ఆవిడ మాటలో విషయం ఉంది, ఆ వేలు రుద్ది పెట్టడం కూడా వెచ్చటి కాపడమే కదా, కాకపోతే వేలి వేడి క్షణంలో పోతుంది, పైగా చెయ్యి కడుక్కోకుండా పెడితే కొత్త క్రిములు. కాపడం వరకు పాత పద్ధతి కరెక్టే. కంట్లో తల్లిపాలు పిండటం, ఆముదం వెయ్యడం, నందివర్ధనం పూల రసం, వీటికి మాత్రం నేను ఒప్పుకోలేదు, స్టెరైల్ కానిది, అంటే క్రిములు లేకుండా శుద్ధి చెయ్యనిది, ఏదైనా కంట్లో వేస్తే నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది. ఆవిడకీ చెప్పా, "సర్లే నీ ఇష్టం" అన్నారు, తర్వాత రెండో పూటకే నా మాస్క్ అడిగారు. ఇంకోటి ఆర్డర్ పెట్టా.

యూఎస్‌బీ మాస్క్ గురించి. చూడ్డానికి బావుంది, పట్టు గుడ్డ, మూడు వేడి లెవెల్స్, టైమర్. వాడితే ఏమైందంటే ముక్కు పక్కన ఖాళీ ఉండిపోతుంది, వేడి నుదుటికీ చెంపలకీ తగులుతుంది గానీ రెప్ప అంచుకి తగలదు, కావాల్సింది అక్కడే. పొడి వేడి. పెద్ద లెవెల్ పెడితే కాసేపటికి చుర్రుమంటుంది, తగ్గిస్తే గోరువెచ్చగా కూడా ఉండదు. మెత్తగా ఉంది కదా అని పెట్టుకుని నిద్రపోతారు జనం, వైరున్న వస్తువు మొహానికి కట్టుకుని నిద్రేంటండి బాబూ. రిటర్న్ పెట్టా, డబ్బులు వెనక్కొచ్చాయి, అంతవరకు సంతోషం.

కాపడం తర్వాత అసలు పని ఇంకా ఉంది, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. నూనె కరిగింది కదా, అది బయటికి రావాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, పై రెప్పని పై నుంచి కిందకి, కింద రెప్పని కింద నుంచి పైకి, అంటే రెండు వైపులా వెంట్రుకల వైపుకే, వేలితో మెల్లగా నిమరాలి. మెల్లగా అంటే నిజంగా మెల్లగా. ఆ తర్వాత వెంట్రుకల మొదళ్ళు తుడవాలి. కురుపు లేచి ఉన్నప్పుడు దాన్ని గిల్లడం పిండటం చెయ్యొద్దు, చీము లోపలికి పాకితే రెప్పంతా వాచిపోతుంది. మామూలు కురుపు కాపడంతోనే వారం రెండు వారాల్లో పగిలో కరిగో పోతుంది, మందు కూడా అక్కర్లేదు చాలాసార్లు.

తుడవడానికి ఏం వాడాలి అన్నదే నేను ఎక్కువ డబ్బు తగలేసిన చోటు. ముందు వైప్స్. ఒక్కోటి విడిగా ప్యాక్ చేసి ఉంటాయి, శుభ్రంగా ఉంటాయి, తెలివైన ఏర్పాటే, కంటికొకటి చొప్పున పూటకి రెండు వైప్స్ పోతాయి, పెట్టె ఎప్పుడు ఖాళీ అయిందో తెలీదు. అరకు వెళ్ళినప్పుడు, రైల్లో, ఇవి ఉండాలి. ఇంట్లో మాత్రం పంపు డబ్బాలో వచ్చే ఫోమ్. వేలికి ఒక చుక్క నురగ తీసుకుని కళ్ళు మూసి వెంట్రుకల మొదళ్ళలో రాసి కడిగేసుకోవడమే, మంట లేదు, డబ్బా నెలల తరబడి వచ్చింది. బేబీ షాంపూ నీళ్ళలో కలిపి దూదితో తుడవమని పాత డాక్టర్లు చెప్పేవారు, చవక, చాలామందికి పని చేసింది కూడా, కానీ కొందరికి కళ్ళు ఇంకా పొడిబారతాయని ఇప్పుడు దీనికోసమే చేసిన ఫోమ్ చెప్తున్నారు. నాకు షాంపూతో మండేది. మీకు మండకపోతే మానక్కర్లేదు. ఒక్కో కంటికి వేరే దూది, అది మాత్రం మర్చిపోవద్దు.

ఇప్పుడు టీ ట్రీ ఆయిల్. మన వెంట్రుకల కుదుళ్ళలో డెమోడెక్స్ అని కంటికి కనిపించనంత చిన్న పురుగులుంటాయి, పొడవు 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లు, వయసు పెరిగేకొద్దీ చాలామందికి ఉంటాయి, ఎక్కువైపోతేనే గొడవ. అప్పుడు వెంట్రుక మొదట్లో చుట్టూ గొట్టంలా తెల్లటి పొట్టు కనిపిస్తుంది, దాన్ని చూసే డాక్టర్లు గుర్తుపడతారు. వీటి మీద టీ ట్రీ ఆయిల్ పని చేస్తుందన్నది నిజమే, అందుకని వీడియోలు చూసి జనం అగరొత్తుల షాపులో దొరికే నూనె సీసా తెచ్చి రెప్పలకి రాసేస్తున్నారు, అది నేరుగా కంట్లో పడితే కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, పాడవుతుంది. ఆ నూనెలో పని చేసే పదార్థం కొద్ది మోతాదులో కలిపిన వైప్స్ వేరే ఉన్నాయి, అవీ డాక్టర్ చూసి చెప్పాకే. ఈ పురుగుల కోసమే లోటిలనర్ అనే చుక్కల మందుకి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది.

ఈ సరుకంతా కళ్ళకలకకి పనికిరాదు, ఇది అమ్మేవాళ్ళు రాయరు కాబట్టి నేను రాస్తున్నా. 2023లో వానలప్పుడు స్కూళ్ళకి స్కూళ్ళే ఎర్రకళ్ళతో ఇంటికొచ్చేశాయి గుర్తుందా, అలాంటిది ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేది. కన్ను ఎర్రబడి నీళ్ళు కారి, రెండో కంటికి కూడా పాకి, వారం రెండు వారాల్లో దానంతటది తగ్గుతుంది. దానికి వేడి కాదు, చల్లటి గుడ్డ హాయిగా ఉంటుంది. యాంటీబయాటిక్ చుక్కలు వైరస్‌ని ఏమీ చెయ్యలేవు. చూస్తే అంటుకుంటుందని నల్లకళ్ళజోడు పెట్టుకుంటారు మనవాళ్ళు, చూపుతో అంటుకోదు, చేతులతో, తువ్వాళ్ళతో, దిండు గలేబులతో, ఫోన్లతో అంటుకుంటుంది. కళ్ళజోడు పెట్టుకుంటే వెలుతురు గుచ్చుకోకుండా ఉంటుంది, చెయ్యి మాటిమాటికీ కంటికి పోకుండా ఉంటుంది, అంతే. పసుపు గుడ్డతో ఇంటిల్లిపాదీ తుడుచుకుంటారు చూశారా, ఆ గుడ్డే ఇంటిల్లిపాదికీ పంచిపెడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది చుక్కల మందు గురించి. మా మరిదికి కన్ను ఎర్రబడితే వాళ్ళ వీధిలో మెడికల్ షాపులో ఒక సీసా ఇచ్చారు, పొద్దున వేస్తే సాయంత్రానికి కన్ను తెల్లగా అయిపోయింది, అబ్బ ఏం మందు అని దాచుకుని ప్రతిసారీ అదే వేస్తున్నాడు. సీసా నేను చూస్తే యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ ఉంది. అది స్టెరాయిడ్. ఎరుపు, వాపు తగ్గిస్తుంది కాబట్టి నయమైనట్టే అనిపిస్తుంది, కానీ కన్ను ఎర్రబడింది హెర్పిస్ వైరస్ వల్ల అయితే నల్లగుడ్డు మీద పుండు విపరీతంగా పెరిగిపోతుంది, వారాల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి గ్లకోమా, అంటే నీటికాసులు, వస్తుంది, శుక్లాలు వస్తాయి, గ్లకోమాకి నొప్పి కూడా ఉండదు, చూపు పోయాక తెలుస్తుంది. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, డాక్టర్ ప్రెషర్ చూసుకుంటూ ఇన్ని రోజులు అని రాస్తే మంచి మందే. సీసా మీద సన్న అక్షరాలు చదవండి: డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లూరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, వీటిలో ఏదున్నా చీటీ లేకుండా వెయ్యొద్దు. ఇంకా మూత తీసిన సీసా నెల దాటితే పారెయ్యాలి, ఫ్రిజ్‌లో తలుపు పక్కన నిరుటి సీసా ప్రతి ఇంట్లో ఉంటుంది, మా ఇంట్లో నిన్ననే ఏరి పడేశా. మరిది ప్రెషర్ చెక్ చేయించుకున్నాడు, బానే ఉంది, ఇప్పుడు నన్ను చూస్తే "వదినా, సీసా చదివే వేస్తున్నా" అంటున్నాడు.

మాస్క్ పక్కన పెట్టి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సినవి కొన్ని ఉన్నాయి. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నొప్పి లోపల్నించి గట్టిగా ఉన్నా ఆగొద్దు. రెప్ప వాచి జ్వరం వచ్చి, కన్ను కదిపితే నొప్పి పుట్టినా, కంటిగుడ్డు ముందుకి వచ్చినట్టున్నా, ఒకటి రెండుగా కనిపించినా అది కంటి గూటిలోకి పాకిన ఇన్ఫెక్షన్ కావచ్చు, రాత్రయినా సరే ఎమర్జెన్సీకే. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళకి కన్ను ఎర్రబడితే లెన్స్ తీసేసి ఆ రోజే చూపించుకోవాలి, రుషికొండలో లెన్సులతో సముద్రంలోకి దిగే కుర్రాళ్ళు ఇది వినాలి, కుళాయి నీళ్ళతో లెన్స్ కడగడం కూడా అంతే ప్రమాదం. పుట్టిన పసిపిల్లల కళ్ళలో పుసి వస్తే ఇంటి వైద్యం అస్సలు వద్దు.

నొప్పి లేకుండా రెప్పలో బఠాణీ గింజంత గడ్డ నెలల తరబడి ఉండిపోతే దాన్ని కలేజియన్ అంటారు, కాపడంతో కొన్ని కరుగుతాయి, కరగకపోతే రెప్ప లోపలి వైపు నుంచి చిన్న గాటు పెట్టి తీసేస్తారు, మత్తు సూది రెప్పకే ఇస్తారు, అదే రోజు ఇంటికి. కానీ పెద్దవాళ్ళలో తీసేసిన చోటే మళ్ళీ మళ్ళీ వస్తున్నా, అక్కడ వెంట్రుకలు రాలిపోతున్నా ముక్క పరీక్షకి పంపించమని మీరే అడగండి, ఆ నూనె గ్రంథికి వచ్చే క్యాన్సర్ ఇలాగే మామూలు గడ్డలా నటిస్తుంది, మన దేశంలో అది అంత అరుదు కాదు. కురుపులు వరసగా వస్తుంటే షుగర్ కూడా చూపించుకోవాలి.

ఊళ్ళో ఎక్కడికెళ్ళాలి అని అడుగుతారు కాబట్టి, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ వాళ్ళది ఉంది, నాయుడుతోట వైపు శంకర్ ఫౌండేషన్ ఉంది, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కడికెళ్ళినా కళ్ళజోడు షాపులో చెకప్‌తో సరిపెట్టుకోకండి, రెప్పలు తిరగేసి యంత్రంలో చూసేవాళ్ళు కావాలి. వాడుతున్న సీసాలన్నీ కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి. కాపడంతో లొంగకపోతే అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కొన్ని వారాలు రాస్తారు, డాక్సీ గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఇవ్వరు, వాడేటప్పుడు ఎండకి ఒళ్ళు తొందరగా కమిలిపోతుంది, మన మే నెలలో ఇది గుర్తుంచుకోవాలి.

మే నెల అన్నా కదా, ఒప్పుకోవాల్సింది ఒకటుంది, ఉక్కపోతలో కరెంటు పోయినప్పుడు మొహం మీద వేడి మాస్క్ అంటే నరకమే. నేను అప్పుడు పొద్దున మానేసి రాత్రి ఏసీ వేసుకున్నాకే చేస్తా, రోజుకొకసారైనా చాలు, మొత్తానికి మానకూడదు, ఎందుకంటే ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదు, అదుపులో ఉంచుకునేదే, ఆ మాట డాక్టర్ గారు మొదటి రోజే చెప్పారు. కాటుక రెప్ప లోపలి అంచుకి పెట్టడం కూడా మానేశా, సరిగ్గా ఆ గ్రంథుల నోళ్ళ మీదే పడుతుంది అది. పెళ్ళిళ్ళకి బయట అంచుకి పెట్టుకుని ఇంటికొచ్చాక ఫోమ్‌తో కడిగేస్తా.

రేటింగ్ అడిగితే పూసల మాస్క్‌కి అయిదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే వెనక వెల్క్రో నా జుట్టంతా లాగేస్తోంది, సాగే బెల్టున్నది దొరికితే అది తీసుకోండి. ఫోమ్‌కి నాలుగు. వైప్స్‌కి మూడు. యూఎస్‌బీ దానికి ఒకటి, అది కూడా రిటర్న్ గొడవ లేకుండా తీసుకున్నందుకు. ఇక్కడ డాబాగార్డెన్స్, ద్వారకానగర్ మందుల షాపుల్లో అడిగితే వైప్స్, ఫోమ్ దొరికాయి గానీ మాస్క్ దొరకలేదు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నా. ఎవరికైనా ఊళ్ళో షాపులో కనిపిస్తే కింద రాయండి, మా అమ్మకి ఇంకోటి కావాలి.